బొగ్గును పరీక్షించి కోట్ల ఏళ్ల కిందటి భూకదలికలను ఎలా తెలుసుకుంటారు?

సింగరేణి బొగ్గునే తీసుకోండి. సుమారు 25–30 కోట్ల ఏళ్ల కిందట ధార్వార్, బస్తర్ అనే రెండు ప్రాచీన శిలాఖండాల మధ్య నేల పగుళ్ల వెంట కుంగింది. చెట్ల అవశేషాలు పేరుకునే వేగానికి సరిపడా అడుగు కుంగుతూ ఉంటేనే బొగ్గు పొర మందంగా తయారవుతుంది.

ఆ బొగ్గులో కలిసిన క్వార్ట్జ్ (ఇసుకలో ఉండే ఖనిజం), కేయొలినైట్ (తెల్లని బంకమట్టి ఖనిజం) చుట్టుపక్కల గ్రానైట్, నైస్ (చారల రాయి) శిథిలమై వాగుల్లో కొట్టుకొచ్చినవి. గంధకం తక్కువగా ఉండటం మంచినీటి చిత్తడికి గుర్తు. సముద్రపు నీరు చేరి ఉంటే సాధారణంగా పైరైట్ (ఇనుము, గంధకం కలిసిన ఖనిజం) పెరిగేది.

నాకు అన్నిటికంటే అబ్బురమనిపించేది విట్రినైట్, అంటే చెట్ల కలప, బెరడు మారి ఏర్పడిన బొగ్గు భాగం. నునుపు చేసిన ముక్కపై నూనె చుక్క వేసి, సూక్ష్మదర్శిని కింద అది ఎంత శాతం కాంతిని తిప్పి పంపుతుందో కొలుస్తారు. వేడితో పెరిగిన ఈ మెరుపు మళ్లీ తగ్గదు. కాబట్టి ఇప్పుడు పైపైనే ఉన్న పొరలో మెరుపు బాగా ఎక్కువగా ఉందంటే, ఒకప్పుడు అది వేడెక్కేంత లోతున ఉండి, దానిపై ఉన్న రాళ్లు తర్వాత కోసుకుపోయాయనో, పక్కన శిలాద్రవం చొచ్చుకొచ్చిందనో అర్థం.