పదకొండో ప్రశ్న కోసం పీహెచ్‌డీ చేయొచ్చా?

ప్రశ్న: నాకు 34 ఏళ్లు. చంద్రగిరి దగ్గర ప్రభుత్వ హైస్కూల్లో లెక్కల టీచర్ని. ఎమ్మెస్సీ, ఎమ్మెడ్ చేశాను. తిరుపతిలో ఉంటాం. మా ఆయనకు షాపుంది, పాప ఒకటో తరగతి. మొన్న తొమ్మిదో తరగతి పేపర్లు దిద్దుతూ పదకొండో ప్రశ్న దగ్గర ఆగిపోయాను. "కింది వాటిలో అకరణీయ సంఖ్య ఏది?" అని బిట్టు. బాగా చదివే పిల్లలే తప్పు పెట్టారు, చదువులో వెనకబడిన పిల్లలకు మార్కు పడింది. మన పరీక్షలు పిల్లల్ని సరిగ్గా కొలుస్తున్నాయా అన్నదాని మీద పీహెచ్‌డీ చేయాలని ఉంది. మా ఆయన "ఉద్యోగం ఉండాది కదా, ఇంకేం చదువు?" అంటాడు. అత్తమ్మ ముభావంగా ఉంటోంది. అమెరికాలో దీనికి ప్రత్యేకంగా డిపార్ట్‌మెంట్లున్నాయట, ఇక్కడ లేవు. పీహెచ్‌డీ అయితే ఇంట్లో నాకో విలువ ఉంటుందని కూడా ఆశ. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, మీరు పంపిన ఆ బిట్టు ఆప్షన్లు చూశాను. పై, 22/7, రూట్ 2, 0.333... అని నాలుగిచ్చి, జవాబు 22/7 అన్నారు. కానీ 0.333... అంటే 1/3 కదా, అదీ అకరణీయమే. ఆ సంగతి తెలిసిన పిల్ల అటు మొగ్గింది. 22/7 బట్టీ పట్టిన పిల్లకు మార్కొచ్చింది. తప్పు పిల్లలది కాదు, పేపరుది. ఎర్ర పెన్ను పట్టుకుని అక్కడ ఆగారు చూడండి, పరీక్షలు పిల్లల్ని సరిగ్గా కొలుస్తున్నాయా అని చూసే శాస్త్రం, అంటే ఎడ్యుకేషనల్ మెజర్‌మెంట్, మొదలయ్యేది అక్కడే.

పీహెచ్‌డీ మాట పక్కన పెట్టి, ఈ ఆదివారం ఒక పని చేయండి. 40 పేపర్లనీ మొత్తం మార్కుల వరుసలో పేర్చండి. పైనుంచి 11, కిందనుంచి 11 తీయండి, అంటే దాదాపు 27 శాతం చొప్పున. పదకొండో ప్రశ్న పైవాళ్లలో నలుగురు, కిందివాళ్లలో ఏడుగురు కీ ప్రకారం సరిగ్గా రాశారనుకుందాం. నాలుగులోంచి ఏడు తీసేసి 11తో భాగిస్తే మైనస్ 0.27 వస్తుంది. మంచి ప్రశ్నకు ఇది ప్లస్‌లో ఉండాలి. మైనస్ వస్తే కీ తప్పో, ప్రశ్న అడిగిన తీరు తప్పో వెతకాలి. మిగతా బిట్లకూ ఇలాగే వేయండి. రెండు గంటలు పోయినా ఇంకో క్లాసు పేపర్లు తీయాలనిపిస్తే, మీ మనసు మీకు జవాబు చెప్పినట్టే.

ఎందుకంటే మీ ఉత్తరంలో రెండు కారణాలున్నాయి. ఒకటి ఈ ప్రశ్న, రెండోది ఇంట్లో విలువ. రెండోదాన్ని నమ్ముకుని దిగొద్దని గట్టిగా చెబుతున్నాను. పేరు ముందు డాక్టర్ అని చేరినంత మాత్రాన అత్తమ్మ మాట మారదు. మారకపోతే నాలుగో ఏడు థీసిస్ మీద కూడా విరక్తి పుడుతుంది. విలువ సంగతి మీ ఆయనతో విడిగా, ఇప్పుడే మాట్లాడాల్సిన విషయం. దాన్ని చదువు నెత్తిన పెట్టకండి.

ఇక ఆయన భయం డిగ్రీ గురించి కాదనుకుంటాను, టైం గురించి. పాపను ఎవరు చూస్తారు, షాపు మూసి వచ్చేసరికి ఇల్లెలా ఉంటుంది అన్న టెన్షన్ అది. "నన్ను చదవనివ్వండి" అంటే ఆయనకు వినిపించేది ఆ భయమే. లెక్క చూపించండి. యూజీసీ 2022 నిబంధనల ప్రకారం పీహెచ్‌డీ పార్ట్‌టైమ్‌గా చేయొచ్చు, మీ శాఖ నుంచి ఎన్‌వోసీ, అంటే అభ్యంతరం లేదన్న పత్రం కావాలి. కోర్సువర్కుతో కలిపి కనీసం మూడేళ్లు, మామూలుగా గరిష్ఠం ఆరేళ్లు. మహిళలకు అదనంగా రెండేళ్ల వెసులుబాటు ఉంది. ఉద్యోగంలో ఉంటూ చేస్తే జేఆర్‌ఎఫ్ (పరిశోధన చేసేవాళ్లకు ఇచ్చే ఫెలోషిప్) డబ్బు రాదు, అదీ దాచకుండా చెప్పండి. వారంలో ఏ రెండు సాయంత్రాలు మీవో, ఆ రెండు రోజులూ పాపకు అన్నం ఎవరు పెడతారో కాగితం మీద రాసుకుని ఇద్దరూ కూర్చోండి. అత్తమ్మతో మాత్రం మీరే మాట్లాడండి, ఆయన చేత చెప్పించకండి. పాప భారం అడగకుండానే తన మీద పడుతుందని ఆమెకు తెలుసు. ముందే అడిగితే ఆ ముభావం కొంతైనా తగ్గుతుంది.

అమెరికా గురించి బెంగ వద్దు. అక్కడి అయోవా యూనివర్సిటీలో ఈ శాస్త్రంలోనే పీహెచ్‌డీ ఉంది, నిజమే. ఇక్కడ అదే పని ఎడ్యుకేషన్ విభాగంలో ఉండి చేయొచ్చు, మీ ఎమ్మెడ్‌కు అదే దారి. 55 శాతం ఉందో లేదో చూసుకోండి, రిజర్వేషన్ ఉంటే 50. యూజీసీ నెట్ ఎడ్యుకేషన్ పేపరు రాయండి. 2024 నుంచి ఆ స్కోరుతో పీహెచ్‌డీ ప్రవేశం ఇస్తున్నారు, కానీ జేఆర్‌ఎఫ్ రానివాళ్లకు ఆ స్కోరు ఏడాదే చెల్లుతుంది. ఎస్వీ యూనివర్సిటీ, పద్మావతి మహిళా యూనివర్సిటీ రెండూ మీ ఊళ్లోనే ఉన్నాయి. అప్లికేషన్ పెట్టే ముందే వెళ్లి, ఈ లెక్కలంటే ఇష్టమున్న గైడ్ ఎవరో కనుక్కోండి. స్టాటిస్టిక్స్ విభాగం నుంచి కో-గైడ్ దొరికితే మరీ మంచిది. గైడ్‌కి ఆసక్తి లేకపోతే ఈ సబ్జెక్టు మధ్యలోనే మామూలు సర్వేగా మారిపోతుంది, జాగ్రత్త.

మీ ఆయన ఇంకా "ఎందుకిది?" అంటే 2025 డీఎస్సీ గుర్తుచేయండి. షిఫ్టుల వారీగా పరీక్ష పెట్టి మార్కులు నార్మలైజ్ చేశారని ప్రతి ఇంట్లో గొడవే. ఒక పేపరు కష్టం, ఇంకోటి సులువు అయితే ఇద్దరినీ ఒకే కొలతకు ఎలా తేవాలి? దీన్ని అర్థం చేసుకుని, అర్థమయ్యేలా చెప్పగలిగినవాళ్లు మన దగ్గర చాలా కావాలి.

ఆదివారం ఆ పేపర్లు పేర్చేటప్పుడు ఆయన్నీ పక్కన కూర్చోబెట్టుకోండి. షాపు లెక్కలు చూసే మనిషి, మైనస్ ఎందుకొచ్చిందో ఆయనే అడుగుతాడేమో. ఏమైందో నాకు రాయండి.