గ్యాప్ గురించి అడిగితే సంజాయిషీ ఎందుకు?

ప్రశ్న: నా వయసు 31. ఒక కంపెనీ అకౌంట్స్ విభాగంలో ఐదేళ్లు పనిచేశాను. నాన్నకు పక్షవాతం రావడంతో ఉద్యోగం మానేసి రెండున్నరేళ్లు ఆయన్ని చూసుకున్నాను. ఇప్పుడు ఆయన పనులు ఆయనే చేసుకుంటున్నారు, మాట కూడా బాగానే వస్తోంది. కొన్ని నెలలుగా ఇంటర్వ్యూలకు వెళ్తున్నా, ఒక్క ఉద్యోగమూ రావట్లేదు. మిగతావి ఎలాగో చెప్పేస్తాను గానీ ‘ఈ గ్యాప్ ఏంటి?’ అనగానే గొంతు పూడుకుపోతుంది. ఒకచోట ఏకంగా ఏడ్చేశాను. ఇంటికొస్తే అన్నయ్య ప్రతి ప్రశ్నా, ప్రతి జవాబూ చెప్పించుకుని ‘అలాగేనా చెప్పేది?’ అంటాడు. గ్యాప్ కనిపించకుండా రెజ్యూమెలో తేదీలు మార్చేయమంటున్నాడు. నాన్నేమో ‘అంతా నా వల్లే’ అని బాధపడుతున్నారు. నాకు ఆత్మవిశ్వాసం లేదంటారా? నేనిచ్చిన జవాబులు కూడా రాసి పంపుతున్నాను. ఏడ్చిన చోట మళ్లీ అప్లై చేయొచ్చా? - ఒక సోదరి

జవాబు: మంచాన పడిన మనిషిని లేపి నడిపించారు మీరు. ఆత్మవిశ్వాసం లేదనే మాట మీకు నప్పదు. మీ జవాబులన్నీ చదివాక నాకు తోచింది ఒకటే. వాళ్లు పని గురించి అడుగుతుంటే, మీరు ఏదో నేరం చేసినట్టు సంజాయిషీ ఇచ్చుకుంటున్నారు. ఈ అలవాటు ఇంట్లోనే మొదలైందని నా అనుమానం. ఆ సంగతికి తర్వాత వస్తాను.

ముందు గ్యాప్ ప్రశ్ననే చూద్దాం. నాన్నగారికి ఎలా వచ్చింది, ఏ ఆస్పత్రిలో చేర్చారు, ఫిజియోథెరపీ ఎన్నాళ్లు పట్టింది, అన్నయ్యకు సెలవు ఎందుకు దొరకలేదు... అన్నీ చెప్పారు. వాళ్లకు కావలసినవి రెండే. ఎందుకు మానేశారు? ఆ కారణం ఇప్పుడు తీరిపోయిందా? దానికి ఈపాటి జవాబు చాలు: ‘నాన్నగారి అనారోగ్యం వల్ల రెండున్నరేళ్లు ఉద్యోగం చేయలేదు. ఆయన కోలుకున్నారు, నేను ఫుల్‌టైమ్ పనికి సిద్ధంగా ఉన్నాను. మళ్లీ చేయి తిరగడానికి అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ మీద ప్రాక్టీసు చేస్తున్నాను.’ ఆ చివరి వాక్యం నిజమయ్యేలా చూసుకోండి. ఇంకా మొదలుపెట్టకపోతే ఈ వారమే మొదలుపెట్టండి.

చెప్పాక ఆగిపోండి. కష్టమంతా అక్కడే ఉంది. ఎదుటి మనిషి తల వంచుకుని ఏదో రాసుకుంటారు. నాలుగైదు సెకన్లు ఎవరూ మాట్లాడరు. ఆ మౌనానికి కంగారుపడి మీరు మళ్లీ అందుకుంటున్నారు: ‘అంటే మేడమ్, మా ఇంట్లో ఇంకెవరూ లేక...’ కన్నీళ్లు వచ్చింది కూడా ఈ రెండో విడతలోనేనని మీరే రాశారు. వాళ్లు రాసుకోవడమంటే మీ జవాబు వాళ్లకు అందినట్టు. తర్వాతి ప్రశ్న వాళ్లను వేయనివ్వండి.

ఎందుకు మానేశారంటే, మేనేజర్ సెలవు ఇవ్వలేదని, మనసు లేని మనిషని చెప్పారు. అది నిజమే కావచ్చు. కానీ వినేవాళ్లకు ఆ మేనేజర్ తెలియదు. రేపు మా గురించీ ఇలాగే చెబుతుందేమో అన్న అనుమానం మాత్రం మిగులుతుంది. ‘అన్నాళ్ల సెలవు వీలుకాలేదు, అందుకే మానేశాను’ అంటే అబద్ధమూ కాదు, నిష్ఠూరమూ కాదు.

ఇక అన్నయ్య ఇచ్చిన తేదీల సలహా. దయచేసి ఆ పని చేయకండి. చాలా కంపెనీలు ఉద్యోగంలోకి తీసుకునేముందో, తీసుకున్నాకో పాత కంపెనీని అడిగి చేరిన తేదీ, మానేసిన తేదీ సరిచూసుకుంటాయి. దొరికిపోతే వచ్చిన ఆఫర్ కూడా పోతుంది. దొరక్కపోయినా, ఒక్క ప్రశ్నకే గొంతు పూడుకుపోయే మీరు ఆ అబద్ధాన్ని గుర్తుపెట్టుకుని ఇంకో ఐదు ప్రశ్నలకు నిలబడగలరా? నాకు నమ్మకం లేదు. గ్యాప్ అన్నది చాలామంది జీవితాల్లో ఉండేదే. తప్పుడు తేదీ అలా కాదు.

మీరు గమనించని పొరపాటు ఇంకొకటి ఉంది. నాకైతే గ్యాప్ కంటే ఇదే పెద్దదిగా కనిపిస్తోంది. ఐదేళ్ల అనుభవం గురించి చెప్పినంతసేపూ ‘మేము చేశాం, మా టీమ్ చూసుకునేది’ అన్నారు. ‘నేను’ అంటే గొప్పలు చెప్పుకున్నట్టు ఉంటుందని పెద్దవాళ్లు నేర్పిన మర్యాద అది. ఇంటర్వ్యూలో మాత్రం టీమ్‌ని తీసుకోరు కదా, మిమ్మల్ని తీసుకుంటారు. సప్లయర్ల ఖాతాలు నెలాఖరుకు టాలీ అయ్యేవి కాదని ఒక్క ముక్కలో చెప్పి వదిలేశారు. అదే సంగతిని విప్పి చెప్పండి. సమస్య ఏమిటి, అందులో మీ బాధ్యత ఎంత, మీరేం చేశారు, చివరికి ఏమైంది. ఉదాహరణకు: ‘బిల్లులు ఆలస్యంగా రావడం వల్ల లెక్క తేడా వచ్చేది. నేను ప్రతి సప్లయర్‌కీ పెండింగ్ బిల్లుల జాబితా తయారుచేసి వారం ముందే పంపడం మొదలుపెట్టాను. ఆ తర్వాత నెలాఖరు లెక్కలు గడువులోపే ముగిసేవి.’ మీ సొంత పని నుంచి ఇలాంటివి మూడు నాలుగు సిద్ధంగా ఉంచుకుంటే, ప్రశ్న ఎటునుంచి వచ్చినా వాటిలో ఒకటి పనికొస్తుంది. జవాబులు బట్టీ పట్టమని మాత్రం అనను. పట్టింది మధ్యలో తెగితే అప్పుడు అసలు టెన్షన్.

‘మీ గురించి చెప్పండి’ అంటే స్కూలు నుంచి మొదలుపెట్టారు. రెజ్యూమె వాళ్ల చేతిలోనే ఉంటుంది. ఏ పని బాగా వచ్చు, ఈ ఉద్యోగం ఎందుకు కావాలి, అంతవరకు చాలు. రెండు నిమిషాలు దాటనివ్వకండి. ‘మీకు ఏమైనా ప్రశ్నలున్నాయా?’ అన్నప్పుడు ‘ఏమీ లేవు సార్’ అనకండి. ‘ఈ పోస్టులో చేరినవాళ్లు మొదటి మూడు నెలల్లో ఏం చేయాలని మీరు ఆశిస్తారు?’ అని అడిగి చూడండి. తెలియని ప్రశ్న వస్తే తెలియదనే చెప్పండి, ఎలా తెలుసుకుంటారో కూడా కలపండి.

కంగారు వస్తే ‘శాంతించు, శాంతించు’ అని మనసుకు చెప్పుకున్నా అది వినదు. అమెరికాలోని హార్వర్డ్ బిజినెస్ స్కూల్ పరిశోధకురాలు ఆలిసన్ వుడ్ బ్రూక్స్ 2014లో ప్రచురించిన ప్రయోగాల్లో, ప్రసంగానికి ముందు ‘ప్రశాంతంగా ఉన్నాను’ అనుకున్నవాళ్ల కంటే ‘ఉత్సాహంగా ఉన్నాను’ అనుకున్నవాళ్లు మెరుగ్గా మాట్లాడారు. గుండె ఎలాగూ వేగంగానే కొట్టుకుంటుంది, దానికి పెట్టే పేరు మార్చడం తేలిక. మళ్లీ కన్నీళ్లు వచ్చేలా ఉంటే ‘ఒక్క నిమిషం’ అని అడిగి నీళ్లు తాగండి. దానికి ఎవరూ మార్కులు తగ్గించరు.

ఇప్పుడు ఇంటి సంగతి. ఇంటర్వ్యూ అయిన రోజే అన్నయ్య దగ్గర రెండో ఇంటర్వ్యూ జరుగుతోంది. అక్కడ మీకు రోజూ దొరుకుతున్న శిక్షణ తప్పులు ఒప్పుకోవడంలోనే. ఆయనకు ప్రేమ లేదని కాదు, కంగారు ఎక్కువ. ‘అన్నయ్యా, వచ్చిన రోజు ఏమీ అడగొద్దు. మర్నాడు నేనే చెబుతాను. నీకు వీలుంటే ఇంటర్వ్యూకి ముందు రోజు ఓ అరగంట నన్ను ప్రశ్నలడుగు’ అని చెప్పి చూడండి. ఆరాటపడే మనిషికి ఒక పని అప్పగిస్తే మందలింపులు తగ్గుతాయి.

నాన్నగారికి ‘అదేం లేదులే నాన్నా’ అని సర్దిచెప్పడం మానేయండి. ఆయన నమ్మట్లేదు. ‘నిన్ను చూసుకోవాలని నేనే అనుకున్నాను, మళ్లీ అలాంటి పరిస్థితి వచ్చినా అదే చేస్తాను’ అని ఒకసారి సూటిగా చెప్పండి. వీలైతే ఆ గ్యాప్ ప్రశ్నను ప్రాక్టీసులో ఆయన చేతే అడిగించండి. మొదటిసారి ఇద్దరూ ఏడుస్తారేమో, ఏడవనివ్వండి. నాలుగోసారికి అది మామూలు ప్రశ్న అయిపోతుంది. ఇంటర్వ్యూల ఊసు లేనప్పుడు కూడా నిద్ర పట్టకపోవడం, ఊరికే ఏడుపు రావడం ఉంటే ఒకసారి సైకాలజిస్టును కలవండి. ఏళ్ల తరబడి రోగిని చూసుకున్నవాళ్లకు ఆ అలసట ఒక్కోసారి పని తీరాకే బయటపడుతుంది.

ఏడ్చిన కంపెనీకి మళ్లీ అప్లై చేయొచ్చా అన్నారు. నిక్షేపంగా చేయొచ్చు. కొన్ని నెలలు ఆగి, మీకు తగిన పోస్టు పడినప్పుడు పెట్టండి. పాత ఇంటర్వ్యూ ఊసు వాళ్లు ఎత్తితే ‘ఆ రోజు కాస్త కదిలిపోయాను’ అని పని గురించి మాట్లాడండి. వాళ్లు ఎత్తకపోతే మీరూ ఎత్తకండి.