ఆ తీగ ఎక్కడ గుచ్చాడమ్మా?

అమ్మాయికి ఆశీస్సులు.

నీ కథ రెండుసార్లు చదివాను. తాత పాత్ర బాగుంది. కానీ నాలుగో పేజీ దగ్గర నాకు కోపమొచ్చింది. తాత చేతిలో ఉన్న కెమెరా 'చెక్కుచెదరని 1940 నాటి లైకా త్రీసీ' అన్నావు. ఆ వెంటనే ఆయన దానికి ఫ్లాష్ తీగ గుచ్చి, షట్టరు ఐదొందల మీద పెట్టి, చంద్రగిరి పెళ్లిలో తాళి కట్టే ఫోటో తీశాడన్నావు. ఆ తీగ ఎక్కడ గుచ్చాడమ్మా? త్రీసీకి ఫ్లాష్ సాకెట్టు లేదు. లైకాలో కంపెనీవాళ్లే దాన్ని అమర్చి అమ్మింది 1950లో వచ్చిన త్రీయెఫ్ మోడలు నుంచి. అంతకు ముందువాటికి కావాలంటే ఎవరో ఒకరు చిల్లు పెట్టాల్సిందే. చిల్లు పడ్డాక చెక్కుచెదరనిది ఎలా అవుతుంది? నీ కథంతా ఆ చిల్లులోనే ఉంది. నువ్వు చూడకుండా దాటిపోయావు.

1976లో తిరుపతి గాంధీరోడ్డు దగ్గర ఒక స్టూడియోలో పనికి చేరాను. మా ఓనరుదీ త్రీసీనే. మద్రాసు మూర్ మార్కెట్లో సెకండ్ హ్యాండుకు కొని, అక్కడే ఒక రిపేరాయన చేత సాకెట్టు పెట్టించాడు. చిన్న ఇత్తడి గొట్టం, దాని చుట్టూ కాస్త లేచిపోయిన తోలు. లోపల పల్చటి రేకు, అది తగిలితేనే ఫ్లాష్ వెలుగుతుంది. లైకా షట్టరులో రెండు గుడ్డ తెరలుంటాయి. మొదటిది పూర్తిగా జరిగాక, రెండోది కదలకముందు, ఫిల్మంతా తెరుచుకుని ఉన్న ఆ లిప్తలో ఫ్లాష్ వెలగాలి. షట్టరు ముప్పై మీద, అంటే సెకనులో ముప్పయ్యో వంతు మీద, పెడితే ఆ లిప్త దొరుకుతుంది. వంద మీద పెడితే రెండో తెర మొదటిదాన్ని తరుముకుంటూ వస్తుంది, ఫిల్ముకు ఒక పట్టీ మేరకే వెలుగు తగులుతుంది. ఐదొందల మీద మీ తాతకు దక్కేది గీతంత.

నేను చేరేనాటికి మా దగ్గర ఇంకా ఒక్కసారి వెలిగి పనికిరాకుండా పోయే ఫ్లాష్ బల్బులే. బల్బు పూర్తిగా వెలగడానికి సెకనులో యాభయ్యో వంతు పడుతుంది కాబట్టి రేకు కాస్త ముందే తగిలేలా సరిపెట్టి ఉండేది. ఎలక్ట్రానిక్ ఫ్లాష్ కొన్నాక చూస్తే ఫిల్మంతా ఖాళీ. తెర తెరుచుకునేలోపే అది వెలిగి ఆరిపోయేది. రేకు వంచి తెచ్చుకోవడానికి ఓనరు మళ్లీ మద్రాసు బస్సెక్కాడు.

ఆ తర్వాత ఒక పెళ్లిలో, పగలు ఎండలో తీసి, డయలు వంద మీదే మరిచిపోయాను. ముహూర్తం రాత్రి. ప్రింటులో పెళ్లికొడుకు చేతులున్నాయి, పసుపుతాడు ఉంది, అక్కడినుంచి చీకటి. పెళ్లికూతురి తల్లి దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "మా పాప యాడ నాయనా?" అనింది. ఓనరు అడ్వాన్సు తిరిగిచ్చేశాడు. ఆ నెల నేను జీతం అడగలేదు.

1983లో దీన్నే కథగా రాసి ఒక వారపత్రికకు పంపాను. సంపాదకుడు తెరలూ రేకూ ఉన్న పేరాలు కొట్టేసి, 'విధి ఆడిన నాటకం' అని ఒక వాక్యం సొంతంగా చేర్చి అచ్చేశాడు. విధి కాదది, నా బొటనవేలు తిప్పాల్సిన డయలు! ఆయన్ని నేనిప్పటికీ క్షమించలేదు. ఇప్పటి కథకులూ అంతే, పాత వస్తువు కనబడితే చాలు జ్ఞాపకాల పరిమళం అంటారు. వెలిగిన ఫ్లాష్ బల్బు గాజు బొబ్బలెక్కి వేళ్లు కాల్చేది. తుండుగుడ్డతో లాగి పారేస్తే పెళ్లిపందిట్లో పిల్లలు ఎగబడి ఏరుకునేవాళ్లు. అది రాయండి.

రోజూ మెత్తటి గుడ్డతో తుడుచుకునే కెమెరాకు మీ తాత చిల్లు పెట్టించాడంటే, ఎంత అవసరం పడి ఉంటుంది? డ్రిల్లు దిగుతుంటే ఎదురుగా కూర్చుని చూశాడా, వీధిలోకి వెళ్లి నిలబడ్డాడా? నాకు ఆ పూట కావాలి. పోటీకి పంపడం, కలంపేరు, అవన్నీ తర్వాత.

మా ఓనరు త్రీసీ ఇప్పుడు నా దగ్గరే ఉంది. ఆదివారం పొద్దున చిత్తూరులో బస్సెక్కి రా. లెన్సు విప్పి, ముప్పై మీద ఒకసారి, ఐదొందల మీద ఒకసారి నొక్కి తెరలు చూపిస్తాను. నాలుగో పేజీ తెచ్చుకో.