డయాలసిస్‌లో ఉన్న నాన్నకి ఎముకల నొప్పులు, దురద. కాల్షియం బిళ్ళలు వేయొచ్చా?

డాక్టర్ని అడక్కుండా వద్దండి. షాపులో కొనేసి వేద్దామనిపిస్తుంది గానీ, మేమూ అదే పొరపాటు చేశాం. మాది కవిటి మండలం. మా నాన్న మూడేళ్ళుగా వారానికి మూడుసార్లు డయాలసిస్‌కి పలాస వెళ్తున్నారు.

మొదట్లో తోటపని చేసిన ఒళ్ళు కదా, వాతం నొప్పులనుకున్నాం. దురదకి కొబ్బరిచెట్టుకి వీపు రాసుకొచ్చేవారు, చొక్కా మీద రక్తం మరకలు. పరీక్ష చేస్తే ఫాస్ఫరస్ 7.8 ఉంది, మామూలుగా 4.5 దాటకూడదు. పాడైన కిడ్నీ ఫాస్ఫరస్‌ని బయటికి పంపలేదు, విటమిన్ డిని ఒంటికి పనికొచ్చేలా మార్చలేదు. రక్తంలో కాల్షియం తగ్గేసరికి మెడలో ఉండే పారాథైరాయిడ్ గ్రంథులు రెచ్చిపోయి ఎముకల్లోంచి లాగేస్తాయి. అప్పుడు మనం పైనుంచి కాల్షియం పోస్తే అది ఎముకకే పోతుందని లేదు, రక్తనాళాల్లో, గుండె కవాటాల్లో పేరుకోవచ్చు. డాక్టరే లెక్క చూసి, ఫాస్ఫరస్‌ని పట్టే మందుగా కాల్షియం ఎసిటేట్ రాస్తే అది వేరే సంగతి.

నాన్నకి సెవెలమర్ రాశారు. ఆరునెలలు వాడినా ఫాస్ఫరస్ దిగలేదు. ఆరా తీస్తే, పొద్దున్నే పరగడుపున బీపీ మాత్రతో కలిపి మింగేస్తున్నారు! తిన్న తిండిలోని ఫాస్ఫరస్‌ని కడుపులోనే పట్టేయడం దాని పని. తిండే లేకపోతే దేన్ని పడుతుంది? అప్పట్నించి అమ్మ కంచంలో ఉప్పు పెట్టే చోట మాత్ర పెడుతోంది. "ఇదేటే, మాత్రని ఊరగాయలాగ వడ్డిస్తన్నావు?" అని మొదటిరోజు ఒకటే గోల. రెండు ముద్దలు తిన్నాక నమలకుండా మింగిస్తాం.

ఇక మన ఉద్దానంలో ఇంకో తిప్పలుంది, జీడిపప్పు. వంద గ్రాముల్లో దాదాపు 600 మిల్లీగ్రాముల ఫాస్ఫరస్. సొంత జీడితోట ఉన్న మనిషిని తినొద్దనడం ఎంత కష్టమో మీకూ తెలుసు, ఇప్పటికీ ఆయన జేబులో పిక్కలు దొరుకుతుంటాయి. దానికన్నా నల్ల కూల్‌డ్రింకులు చెడ్డవి, వాటిలో కలిపే ఫాస్ఫరస్ దాదాపు మొత్తం ఒంటికి పట్టేస్తుంది. డయాలసిస్ కొంతే తీయగలదు.

నొప్పి బిళ్ళలు కూడా సొంతంగా వేయకండి, డైక్లోఫినాక్ లాంటివి మిగిలిన కాస్త కిడ్నీనీ తినేస్తాయి.

నాన్నకిప్పుడు ఫాస్ఫరస్ 5.2కి దిగింది. దురద బాగా తగ్గింది, మోకాళ్ళు మాత్రం ఇంకా పీకుతూనే ఉన్నాయి. మీ నాన్నగారి రిపోర్టులో ఫాస్ఫరస్, కాల్షియంతో పాటు పీటీహెచ్ (ఆ పారాథైరాయిడ్ గ్రంథుల హార్మోన్ పరీక్ష) ఉందా? లేకపోతే ఈసారి వెళ్ళినప్పుడు అది చేయించమని అడగండి.