లిండిస్‌ఫార్న్‌కి పొద్దున వెళ్ళి సాయంత్రం వచ్చేయకండి

"ఇంగ్లండ్‌లో జనం గోల లేని పాత సముద్రతీర పల్లె ఏదైనా ఉందా? ఒక్క రోజులో చూసి రావచ్చా?" అని అడిగారు. ఉంది. ఈశాన్య ఇంగ్లండ్‌లో, నార్తంబర్లాండ్‌లోని లిండిస్‌ఫార్న్, హోలీ ఐలండ్ అన్నా అదే. సముద్రం పోటు తీసినప్పుడు మాత్రమే రోడ్డు తేలే చిన్న దీవి. ఒక్క రోజులో ఊరు చూడొచ్చు గానీ ఆ నిశ్శబ్దం దొరకదు. రెండొందల మంది కూడా లేని ఊళ్ళో, దారి తెరిచి ఉన్నంతసేపూ కార్ పార్కింగ్ దగ్గర తిరనాళ్ళే. పోటెక్కి రోడ్డు మునిగే ముందు వాళ్ళంతా వెళ్ళిపోతారు. ఇసుక దిబ్బల మీద సీల్స్ ఊళ పెట్టడం అప్పుడు వినిపిస్తుంది. అందుకే రాత్రి ఉండండి. గది ముందే బుక్ చేసుకోండి, వేసవిలో అప్పటికప్పుడు దొరకడం కల్ల.

ఆ రోడ్డు రోజుకు రెండుసార్లు మునుగుతుంది. వేళలు రోజుకు దాదాపు 50 నిమిషాలు ఆలస్యమవుతూ పోతాయి, నిన్నటి టైము ఇవాళ పనికిరాదు. కౌంటీ కౌన్సిల్ వేసే పట్టిక చూసుకోండి. అమావాస్యకీ పౌర్ణమికీ దగ్గర్లో పోటు పెద్దది. గాలి గట్టిగా ఉంటే పట్టికలోని టైము కన్నా ముందే నీళ్ళు రావచ్చు.

ఏటా కార్లు ఇరుక్కుంటూనే ఉంటాయి. తిరుగు ప్రయాణంలో ఇంకా జాగ్రత్త. ఊరివైపు రోడ్డు ఇసుక దిబ్బల అంచున పోతుంది, పొడిగానే కనిపిస్తుంది. అసలు పల్లం అవతల, ఒడ్డు దగ్గరి వంతెన పక్కన. అక్కడికొచ్చేసరికి వెనక్కి తిప్పే వ్యవధి ఉండదు. స్తంభాల మీద తెల్ల చెక్కగది, మెట్లు అందుకే కట్టారు. నీళ్ళు టైర్లకు తగిలితే కారు వదిలేసి అది ఎక్కడమే. "పెద్ద ఎస్‌యూవీ కదా" అనే ధీమా అక్కడ చెల్లదు. ఉప్పునీళ్ళు వైరింగులోకి దిగితే ఎంత ఖరీదు బండైనా ఒకటే.

ఇంకో చిరాకు. 793లో వైకింగులు (సముద్రం మీద వచ్చిన స్కాండినేవియా దోపిడీదారులు) దోచిన క్రైస్తవ మఠం ఇదేనంటూ శిథిలాల ముందు ఫొటోలు పెడుతుంటారు. వాళ్ళు దోచింది 635లో ఎయిడన్ అనే సన్యాసి స్థాపించిన పాత మఠం. ఇప్పుడు కనిపించే ఎర్ర రాతి గోడలు చాలా తర్వాత, పన్నెండో శతాబ్దంలో, నార్మన్ల కాలంలో కట్టినవి. ఆ పాత మఠంలో చేత్తో రాసి బొమ్మలు వేసిన బైబిల్ పుస్తకం, లిండిస్‌ఫార్న్ సువార్తల మూలప్రతి కూడా ఊళ్ళో లేదు, లండన్‌లో బ్రిటిష్ లైబ్రరీది. కోట దగ్గర మాత్రం బోర్లించిన పాత హెరింగ్ పడవలు చూడండి. సగానికి కోసి, తలుపు పెట్టి, కొట్టుగదులు చేశారు.

లండన్ కింగ్స్ క్రాస్ స్టేషన్ నుంచి దీవికి దగ్గర్లోని బెరిక్ పట్టణానికి రైలు నాలుగు గంటల లోపే. అక్కడి నుంచి బస్సు అన్ని రోజులూ ఉండదు, దాని టైము కూడా పోటును బట్టే.