కొనగలం సరే, మేపగలమా?

ప్రశ్న: నమస్తే సార్. పదేళ్లుగా మామూలు హ్యాచ్‌బ్యాక్ నడుపుతున్నాను. చిన్నప్పటి నుంచీ కార్లంటే పిచ్చి. ఇన్నాళ్లకు కొంత కూడబెట్టాను, మనసుకు నచ్చిన స్పోర్ట్స్ కారు ఒకటి కొనుక్కుందామని. నా దగ్గరున్న మొత్తంలో మూడు సెకండ్‌హ్యాండ్ కార్లు అటూ ఇటూగా వస్తున్నాయి. ఒకటి 2003 నాటి బీఎండబ్ల్యూ ఎం3, ఈ46 మోడల్. రెండోది 2002 పోర్షే బాక్స్‌టర్ ఎస్. మూడోది 2013 టయోటా 86. హార్స్‌పవర్ వరసగా 343, 252, 200. అదే డబ్బుకు 343 వస్తుంటే 200 ఎవరైనా కొంటారా అని స్నేహితులు అంటున్నారు. నాకూ మనసు ఎం3 మీదే ఉంది. కానీ ఇంట్లో ఇదొక్కటే బండి అవుతుంది, రోజూ ఆఫీసుకు కూడా ఇందులోనే వెళ్లాలి. తెగ టెన్షన్‌గా ఉంది. ఏది తీసుకోమంటారు?

జవాబు: 86 తీసుకోండి. ఎందుకో చెబుతాను. అంతా చదివాక కూడా మీ మనసు ఎం3 దగ్గరే ఆగిపోతే, దాన్ని ఎలా చూసుకుని కొనాలో కూడా చెబుతాను. ఆ ఇంజిన్ మీద మీకున్న ఇష్టాన్ని నేను బాగా అర్థం చేసుకోగలను. 3.2 లీటర్లు, ఆరు సిలిండర్లు, టర్బో లేదు, 8,000 ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజిన్ తిరిగే చుట్లు) దాకా ఒక్క దమ్మున ఎక్కేస్తుంది. వర్క్‌షాపులో ఇరవై రెండేళ్లు పనిచేశాను. పని ముగిశాక ట్రయల్‌కు తీసుకెళ్లి, కావాలనే చుట్టుదారిలో వెనక్కి తెచ్చిన కార్లు నాలుగైదుకు మించవు. ఈ46 ఎం3 వాటిలో ఒకటి.

మీ ఉత్తరంలో నన్ను ఆపిన మాట వేరే ఉంది. ‘నా దగ్గరున్న మొత్తంలో’ అన్నారు. అంటే ఉన్నదంతా కారుకే పెట్టేస్తున్నారు. నా భయమంతా అక్కడే.

ఏనుగు బతికినా వెయ్యే, చచ్చినా వెయ్యే అంటారు చూడండి, ఖరీదైన కార్ల స్పేర్ పార్టుల విషయంలో అది అక్షరాలా నిజం. ఇరవై ఏళ్లలో ఎం3 ధర పడిపోయి మీ చేతికి అందింది. దాని బ్రేక్ డిస్కు, క్లచ్, షాక్ అబ్జార్బర్ల ధరలు మాత్రం పడలేదు. అవి ఇప్పటికీ కొత్తలో ఆ కారు కొనగలిగినవాళ్ల జేబుకు తగ్గట్టే ఉంటాయి. పైగా ఇరవై ఏళ్ల కారులో రబ్బరు, ప్లాస్టిక్కు భాగాలన్నీ ఇంచుమించు ఒకేసారి వయసు మీద పడి వదిలేస్తాయి.

నా సంగతే చెబుతాను. పన్నెండేళ్ల కిందట నేనూ ఆరు సిలిండర్ల స్పోర్ట్స్ సెడాన్ ఒకటి సెకండ్‌హ్యాండ్‌లో కొన్నాను. కంపెనీ పేరు ఇక్కడ అనవసరం. బండి శుభ్రంగా ఉంది, ధర బాగుంది, చేతిలో ఉన్నదంతా ఇచ్చేశాను. కూలెంట్ పైపు చివర ప్లాస్టిక్కు ముక్క పెళుసెక్కి ఉందని మొదటి వారమే చూశాను. వచ్చే నెల జీతం రాగానే మారుద్దామనుకున్నాను. మూడో వారం రాత్రిపూట అది విరిగింది. టెంపరేచర్ ముల్లు పైకి లేవడం చూశాను, ఇంకో మూడు కిలోమీటర్లు వెళ్తే వెలుతురున్న చోటు వస్తుందని ఆపలేదు. ఇంజిన్ పైభాగం, అంటే హెడ్, వేడికి బెండ్ అయింది. ఇంజిన్ దించడానికి నాకు కూలి ఖర్చు లేదు, పనిముట్లు నావే, చెయ్యి నాదే. అయినా కేవలం స్పేర్ పార్టులకు డబ్బు కూడేసరికి పద్నాలుగు నెలలు పట్టింది. అన్నాళ్లూ ఆ కారు టార్పాలిన్ కింద ఉంది. పొద్దున్నే లేచి దాన్ని అలా చూడటం ఎంత బాధో ఇప్పటికీ గుర్తుంది. మీకు ఆ పద్నాలుగు నెలలు రాకూడదనే ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

ఇక ఒక్కో కారు. ఈ46 ఎం3లో చూడాల్సినవి మూడు. మొదటిది ఇంజిన్ లోపల పిస్టన్లను తిరిగే షాఫ్ట్‌తో కలిపే కనెక్టింగ్ రాడ్ల బేరింగులు. తొలి ఏళ్ల కార్లకు కంపెనీయే పిలిచి వాటిని మార్చి ఇచ్చింది. ఆ తరువాతి కార్లలో కూడా, ఎక్కువ తిరిగినవాటికి, తెలిసినవాళ్లు ముందు జాగ్రత్తగా మార్పించేస్తారు. రెండోది వెనక చక్రాల భాగాలను మోసే సబ్‌ఫ్రేమ్ బిగించే చోట బాడీ అడుగున వచ్చే పగుళ్లు. కారును లిఫ్ట్ మీదకు ఎక్కించి లైటు వేసి చూడనిదే తెలియదు, వస్తే వెల్డింగ్ చేసి ప్లేట్లు వేయాలి. మూడోది వాల్వులు తెరుచుకునే సమయాన్ని సర్దే వానోస్ అనే యూనిట్. ఇవి కాక, ఆ ఇంజిన్‌కు వాల్వ్ క్లియరెన్స్ కొలిచి సరిచేయడం మామూలు సర్వీసులో భాగం. ఈ పనులకు కాగితాలున్న కారు ఖరీదెక్కువ. లేనిది చవగ్గా వస్తుంది, ఆ తేడా అంతా తరువాత మీ చేత కక్కిస్తుంది.

బాక్స్‌టర్ ఎస్ సంగతి. ఇంజిన్ మధ్యలో ఉంటుంది కాబట్టి మలుపులో అది తిరిగే తీరు మిగతా రెండింటికీ రాదు. మూడింటిలో స్టీరింగ్ కూడా దీనిదే గొప్ప. కానీ ఆ తరం ఇంజిన్‌లో ఇంటర్మీడియట్ షాఫ్ట్ బేరింగ్ అని ఒకటుంది. అది పోతే చాలాసార్లు ఇంజిన్ మొత్తం పోతుంది. 2000 తరువాత కొన్నేళ్లు వాడిన ఒంటి వరస బేరింగు వీటిలో బలహీనమైనది, మీరు చూసిన 2002 కారు ఆ కాలానిదే. గేర్‌బాక్స్ దించితే గానీ దాన్ని మార్చలేరు, అందుకే క్లచ్ మార్చేటప్పుడే కలిపి చేయిస్తారు. ‘బేరింగు మార్చారా, బిల్లు ఉందా?’ అని అమ్మేవాళ్లను నేరుగా అడగండి. లేదంటే ఆయిల్ ఫిల్టర్ కోసి చూపించమనండి. మడతల్లో లోహపు రవ్వలు మెరిస్తే అక్కడి నుంచి వచ్చేయండి. 2009లో వచ్చిన కొత్త ఇంజిన్‌లో ఆ షాఫ్టే లేదు. ఎప్పటికైనా పోర్షేయే కొనాలనుకుంటే ఆ తరానికి డబ్బు కూడబెట్టమంటాను.

86లో ఏమీ లేదా అంటే ఉంది. 2018లో వాల్వ్ స్ప్రింగులు మార్చడానికి కంపెనీ కార్లను వెనక్కి పిలిచింది (రీకాల్), 2013 కార్లు అందులో ఉన్నాయి. ఇంజిన్ విప్పి చేసే పెద్ద పని అది. ఛాసిస్ నంబరుతో డీలర్ దగ్గర కనుక్కోండి: ఈ కారుకు ఆ పని జరిగిందా, జరిగి ఎన్నాళ్లయింది, తరువాత బాగా తిరిగిందా. మధ్య ఆర్‌పీఎంలో, దాదాపు 4,000 దగ్గర, ఇంజిన్ కాస్త నీరసపడి మళ్లీ లేస్తుంది. అది రిపేరు కాదు, ఆ ఇంజిన్ స్వభావమే. దీని గరిష్ఠ టార్క్, అంటే ఇంజిన్ తిప్పే బలం, 205 న్యూటన్ మీటర్లు, అదీ 6,400 దాటాక. రోజూ ట్రాఫిక్‌లో అది మీకు విసుగు తెప్పిస్తుందా అన్నది మీరే నడిపి తేల్చుకోవాలి.

ఇప్పుడు 343కూ 200కూ మధ్య ఉన్న ఆ 143. సున్నా నుంచి 100 కిలోమీటర్ల వేగానికి ఎం3కి 5.2 సెకన్లు, టయోటా 86కు 7.6 సెకన్లు పడుతుందని కంపెనీల లెక్క. తేడా చిన్నది కాదు, ఒప్పుకుంటాను. కానీ ఎం3 బరువు దాదాపు ఒకటిన్నర టన్ను, 86 బరువు 1,240 కిలోలకు అటూ ఇటూ. ఆ రెండు వందల యాభై కిలోలను ప్రతి బ్రేకులో, ప్రతి మలుపులో మీ టైర్లే మోయాలి. ఎం3కి ముందు టైర్లు 225, వెనకవి 255 వెడల్పు. ముందువి వెనక్కి మార్చి అరుగుదల సర్దుకునే వీలు లేదు. 86కు నాలుగూ ఒకే 215 సైజు, అదీ కొత్తలో ప్రియస్ హైబ్రిడ్‌కు ఇచ్చిన రకం మామూలు టైర్లే. మరీ పట్టుండే టైర్లు ఇవ్వకపోవడం వల్ల 60, 70 వేగంలోనే కారు కదలిక మీ నడుముకు తెలుస్తుంది, వెనక చక్రాలు ఎప్పుడు జారబోతున్నాయో చెప్పి మరీ జారతాయి. ఎం3లో అదే అనుభవం దొరికే వేగానికి మామూలు రోడ్డు మీద వెళ్లకూడదు.

నేను ఆ సెడాన్ అమ్మేశాక కొన్నది తొలి తరం మాజ్దా ఎంఎక్స్-5. 1.6 లీటర్లు, 115 హార్స్‌పవర్, బరువు టన్నుకు లోపే. తొమ్మిదేళ్లు నా దగ్గరుంది. గేరు మార్చడం, బ్రేకును మెల్లగా వదులుతూ మలుపులోకి దించడం, కుడికాలి బొటనవేలితో ఎంత తొక్కితే వెనక ఏమవుతుందో తెలుసుకోవడం, అన్నీ దాని మీదే నేర్చుకున్నాను. టైర్లు అరిగితే బెంగ లేకుండా కొనగలిగాను కాబట్టి అరగదీశాను. మీకు సామాను పెట్టుకోవడానికి చోటు అక్కర్లేకపోతే మీ జాబితాలో నాలుగోదిగా దీన్నీ చేర్చమంటాను.

డబ్బు ఇలా విడదీయండి. ఉన్నది వంద అనుకుంటే కారుకు డెబ్బై దాటవద్దు. పదిహేను కొన్న నెలలోనే ఖర్చయిపోతుంది: ఇంజిన్, గేర్‌బాక్స్, డిఫరెన్షియల్ ఆయిల్, బ్రేక్ ఫ్లూయిడ్, బెల్టులు, అవసరమైతే టైర్లు, ఆపైన అలైన్‌మెంట్. మిగతా పదిహేను ముట్టుకోకండి. బ్రేక్ ఫ్లూయిడ్ అనగానే చిన్న ఖర్చని వాయిదా వేస్తారు. డాట్ 4 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగదు. గాలిలోని తేమ పీల్చుకున్నాక ఆ హద్దు 155 డిగ్రీలకు పడిపోవచ్చు. కొండ దిగుతూ వరసగా బ్రేకులు వేస్తే ఆ వేడి వచ్చేస్తుంది, పెడల్ మెత్తగా లోపలికి పోతుంది. అలాంటప్పుడు పక్క సీట్లో ఒకసారి కూర్చున్నాను. ఇంకోసారి వద్దు. ఇన్సూరెన్స్ ఎంతవుతుందో కూడా అడ్వాన్సు ఇవ్వకముందే కనుక్కోండి.

కారు చూడటానికి వెళ్లేటప్పుడు, ‘నేను వచ్చేదాకా స్టార్ట్ చేయవద్దు’ అని అమ్మేవాళ్లకు ముందే చెప్పండి. వెళ్లగానే బానెట్ మీద చెయ్యి పెట్టండి. వెచ్చగా ఉంటే ఏదో దాస్తున్నారని నేను అనుమానిస్తాను. చల్లటి ఇంజిన్ మొదటి పది సెకన్లు చేసే చప్పుడులో చాలా విషయం ఉంటుంది. తరువాత కారు కంప్యూటర్‌లో నమోదైన తప్పుల కోడ్‌లు చదివే స్కానర్ పెట్టించండి. తప్పులేవీ లేవని చూపించినా, లోపలి సెల్ఫ్ టెస్టులు ‘పూర్తి కాలేదు’ అని వస్తే ఎవరో పొద్దునే కోడ్‌లు చెరిపేశారనో, బ్యాటరీ తీసి పెట్టారనో అర్థం. టైర్ల పక్కన నాలుగంకెలుంటాయి. 2319 అంటే 2019లో 23వ వారంలో తయారైంది. ఇంత శక్తి ఉన్న కారుకు నాలుగు రకాల చవక టైర్లు వేసి ఉంటే, ఆ యజమాని కళ్లకు కనబడని చోట ఇంకెంత పొదుపు చేసి ఉంటాడో ఆలోచించండి. చివరిగా కంప్రెషన్ టెస్టు, అంటే సిలిండర్లు ఒత్తిడిని సరిగ్గా పట్టి ఉంచుతున్నాయా అని కొలవడం. అమ్మేవాళ్లు దానికి ఒప్పుకోకపోతే బేరం అక్కడితో ఆపేయండి.

ఇదంతా ఎం3కి కూడా వర్తిస్తుంది. డెబ్బైలోనే కాగితాలన్నీ ఉన్న ఎం3 దొరికి, ఆఫీసుకు వెళ్లడానికి మీ పాత హ్యాచ్‌బ్యాక్‌ను ఉంచుకోగలిగితే నేను అడ్డు చెప్పను. తీసుకోండి.

ప్రశ్న: ఏడో తరం గోల్ఫ్ జీటీఐ కొనాలని నిశ్చయించుకున్నాను. మాన్యువల్ తీసుకోవాలా, డీఎస్‌జీ ఆటోమేటిక్ తీసుకోవాలా? ఆటోమేటిక్ కొంటే నన్ను కార్ల ప్రేమికురాలిగా లెక్కపెట్టరని మా అన్నయ్య అంటున్నాడు.

జవాబు: కొనేది మీరు, నడిపేది మీరు. అన్నయ్య మాట పక్కన పెట్టండమ్మా. డీఎస్‌జీ మనకంటే వేగంగా గేరు మారుస్తుంది, ట్రాఫిక్‌లో ఎడమకాలికి విశ్రాంతి. 350 న్యూటన్ మీటర్ల టార్క్ తక్కువ ఆర్‌పీఎం నుంచే అందుతుంది కాబట్టి ఆ కారులో గేరు మీద గేరు మార్చాల్సిన పని కూడా అంతగా పడదు. ఆరు గేర్ల డీఎస్‌జీ అయితే 60,000 కిలోమీటర్లకోసారి దాని ఆయిల్, ఫిల్టర్ మార్చినట్టు బిల్లు చూడండి. లేకపోతే మాన్యువలే మేలు. కూలెంట్ తగ్గుతోందా అని కూడా చూడండి, ఆ ఇంజిన్‌లో వాటర్ పంపు, థర్మోస్టాట్ హౌసింగ్ దగ్గర కారడం తరచూ చూశాను. రెండూ ఒకే రోజు నడిపి చూసి, ఇంటికి వచ్చాక ఏది గుర్తొస్తుందో అది తీసుకోండి.

ప్రశ్న: నా చిన్న టర్బో పెట్రోల్ కారుకు రీమ్యాప్ చేయిస్తే, అంటే ఇంజిన్ కంప్యూటర్ సెట్టింగులు మార్పిస్తే, పవర్ ముప్పై శాతం పెరుగుతుందన్నారు. వేరే కారు కొనే స్తోమత లేదు. చేయించనా?

జవాబు: టర్బో ఇంజిన్ కాబట్టి పవర్ పెరగడం నిజమే. కానీ క్లచ్, గేర్‌బాక్స్ పాత టార్క్‌కు చేసినవి. చిన్న డైరెక్ట్ ఇంజెక్షన్ టర్బోల్లో ఇంకో ప్రమాదం ఉంది. తక్కువ ఆర్‌పీఎంలో, పై గేరులో అదిమి తొక్కితే పెట్రోలు సమయానికి ముందే అంటుకుని పిస్టన్ పగలొచ్చు. రీమ్యాప్‌తో ఆ ఒత్తిడి పెరుగుతుంది. వారంటీ పోతుంది, ఇన్సూరెన్స్ వాళ్లకు చెప్పకపోతే క్లెయిమ్ కూడా పోవచ్చు. అదే డబ్బుతో ముందు నాలుగు మంచి టైర్లు, బ్రేక్ ప్యాడ్లు, కొత్త బ్రేక్ ఫ్లూయిడ్ వేయించి, ఒక రోజు ట్రాక్ మీద శిక్షకుడి పక్కన నడపండి. రీమ్యాప్ ఎక్కడికీ పోదు, ఆరు నెలల తరువాతైనా చేయించుకోవచ్చు. ఈలోగా మీ టైర్ల పక్కన ఆ నాలుగంకెలు ఏమున్నాయో చూసి నాకు రాయండి.