సరస్సులకు లైట్‌హౌస్‌లు ఎందుకు?
అమెరికా గ్రేట్ లేక్స్ మంచినీటి సరస్సులే కదా, లైట్‌హౌస్‌లు ఎందుకని అడిగారు. పేరుకే సరస్సులు! వాటిలో ఒక్క సుపీరియర్ సరస్సే దాదాపు 82,000 చదరపు కిలోమీటర్లు. ఇనుప ఖనిజం మోసే ఓడలకు అక్కడి నవంబర్ తుపానులంటే హడల్. 1905 నవంబర్‌లో చాలా ఓడలు దెబ్బతిన్నాకే మిన్నెసోటా ఒడ్డున, కొండ అంచు మీద స్ప్లిట్ రాక్ లైట్‌హౌస్ కట్టారు. అది 1910లో వెలిగింది.

అయినా ప్రమాదాలు ఆగలేదు. 1975 నవంబర్ 10న 729 అడుగుల ఎడ్మండ్ ఫిట్జ్‌జెరాల్డ్ అనే ఓడ మునిగి, అందులోని 29 మందీ చనిపోయారు. అంతకుముందే ఓడలో రాడార్లు పాడయ్యాయి. ఒడ్డున వైట్‌ఫిష్ పాయింట్‌లో ఓడలకు దారి తెలిపే రేడియో సంకేతం (రేడియో బీకన్) కూడా ఆగిపోయింది, ఖర్మ! సరుకు అరల మూతల గుండా నీరు చేరి ఉండొచ్చని కోస్ట్‌గార్డ్ దర్యాప్తు చెప్పింది. కాదు, నీటి అడుగున రాతిమిట్టను తాకిందని ఓడల కంపెనీల సంఘం వాదించింది. ఆ వాదన ఇంకా తెగలేదు.